సమాచారం ఇచ్చినవారు: మా వదిన

వాన ఆఫీసు వరండా,
మే 11.

మరదలు పిల్లకి,

నిన్న సాయంత్రం ఆరింటికి నేను ఫోనులో "సున్నా" అన్నాక, నువ్వు "ఆఁ" అని పెట్టెయ్యకుండా దగ్గావు. పందొమ్మిదేళ్లలో ఆరింటి ఫోనుకి నువ్వు "ఆఁ" తప్ప ఇంకో చప్పుడు చెయ్యడం ఇదే మొదటిసారి. జలుబా? లేక నీకూ ఆ కాగితం వచ్చిందా? ఫోనులో అడగలేను కదా. ఆఫీసు ఫోనులో సొంత కబుర్లాడితే ఇద్దరికీ తిట్లే. మనిద్దరం మొదలుపెడితే ఆపలేమని మనకి తెలుసు కాబట్టే, ఫోనులో వాన, ఉత్తరంలో ఇల్లు అని కట్టుబాటు పెట్టుకున్నాం. అందుకే ఈ ఉత్తరం.

కాగితం సంగతి చెబుతాను. ఖర్చులు తగ్గించడానికి ప్రభుత్వం ఒక ఆదా కమిటీ వేసింది. ఒకే పని రెండు ఆఫీసులు చేస్తుంటే కలిపెయ్యాలట. ఎవరికీ పనికిరానివైతే ఎత్తెయ్యాలట. మంచిదే అనుకున్నాను. రాజధానిలో మా హెడ్డాఫీసు నువ్వు చూడలేదు. మూడంతస్తులు. అక్కడ కుర్చీలు తుడిచేవాళ్లకి కూడా కుర్చీలున్నాయి. "ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది వీళ్లకి" అని మీ అన్నయ్యతో అన్నాను కూడా. అని పేజీ తిప్పితే, పదిహేడో నంబరు మనమే! "వాన కొలిచే శాఖ, నది మట్టం కొలిచే శాఖ. రెండూ నీళ్లే కొలుస్తున్నాయి. ఒకటి చాలు" అని రాశారు.

నేను కొండ మీద పడ్డవి కొలుస్తాను, నువ్వు కింద ఏట్లో పారేవి కొలుస్తావు. ఇక్కడ పడ్డ వాన నీ దగ్గరికి చేరడానికి పద్నాలుగు గంటలు. ఆ పద్నాలుగు గంటలే కదా మీ గట్టు కింద ఇళ్లవాళ్లు సామాన్లు సర్దుకోడానికి! ఇది ఆ కమిటీకి ఎవరు చెబుతారు?

నాకు బెంగేం లేదు. రోజూలాగే పొద్దున వాన పట్టే గరాటులో పడ్డ ఆకులు తీస్తున్నాను, సాయంత్రం గీతలున్న కొలగాజులో నీళ్లు పోసి కంటికి సమంగా పట్టుకుని చూస్తున్నాను, పుస్తకంలో రాసి నీకు ఫోను చేస్తున్నాను. చుక్క పడకపోయినా "సున్నా" అని చెబుతూనే ఉన్నాను. నేను కొత్తలో ఒకసారి సున్నా రోజు ఫోను చెయ్యకపోతే నువ్వెంత గోల చేశావో గుర్తుందా? "ఫోను రాకపోతే వాన లేదనుకోవాలా, వదిన లేదనుకోవాలా" అని ఏడుపుగొంతుతో ఉత్తరం రాశావు.

బెంగంతా మీ అన్నయ్యదే. ఈ ఆఫీసు ఎత్తేస్తే నన్ను హెడ్డాఫీసు స్టోర్సులో వేస్తారట. రైల్లో రెండు రోజుల దూరం. ఆ మాట విన్నప్పట్నించి టైలరుగారి చెయ్యి ఆడటంలేదు. నిన్న పోస్టుమాస్టరుగారి చొక్కాకి రెండూ ఎడమచేతులే కుట్టాడు.

జలుబైతే ఆవిరి పట్టు. కాగితమైతే దాచకుండా రాయి.

మీ వదిన

*

మట్టం ఆఫీసు, మెట్ల పక్క గది,
మే 24.

వదినకి,

జలుబే. ఆవిరి పట్టాను, తగ్గింది.

ఆ కాగితం మాకూ వచ్చిందిలే. ఇలాంటివి ఎన్ని చూడలేదు! నువ్వేం కంగారు పడకు. పోస్టుమాస్టరుగారి చొక్కా మాట చదివి నేనూ బుజ్జిదీ కడుపుబ్బ నవ్వాం. ఆయన రెండు చేతులతోనూ ఎడంపక్కకే ముద్రలు కొడుతున్నారా అని అడుగుతోంది నీ మేనకోడలు.

ఇక్కడ పెద్ద విశేషాలేం లేవు. పాత సారు రిటైరయ్యాక ఇన్‌చార్జిని నేనే అయ్యాను కదా, గది కాస్త బాగుచేద్దామని కిటికీలకి కర్టెన్లు వేయించాను. మొదట నీలం అనుకున్నాను. నీలం అయితే ఏరూ అదే రంగు, కిటికీ వేసి ఉందో తీసి ఉందో తెలియదు. పచ్చ చూపించాడు, మరీ ఆసుపత్రిలా ఉంది. చివరికి ఇటుకరంగు తీసుకున్నాను. అంచు రెండు వేళ్లు మడిచి కుట్టమంటే నాలుగు వేళ్లు మడిచాడు, ఇప్పుడవి నేలకి జానెడు పైన వేలాడుతున్నాయి. అన్నయ్య అయితే ఇలా చేసేవాడా? రెండు ఎడమచేతులు కుట్టినా పొడవు మాత్రం తప్పడు. కొక్కేలు కూడా ఇత్తడివి దొరకలేదు.

కొత్త కర్టెన్ల పక్కన ఆ ఫ్రేము వంకరగా కనబడుతోంది. అదే, ఏడేళ్ల కిందటి వరదకి నాకిచ్చిన మెచ్చుకోలు పత్రం. తీసేద్దామా అనిపిస్తోంది. గోడ ఖాళీగా ఉంటేనే బాగుంటుందేమో.

ఏరు రేవులో మూడో మెట్టు మీద ఉంది. బడి మొదలవుతోంది. అన్నయ్యని దిగులు పడొద్దని చెప్పు.

నీ మరదలు

*

వాన ఆఫీసు,
జూన్ 9.

కర్టెన్ల మరదలికి,

నువ్వు నా పెళ్లినాటికి పదేళ్లపిల్లవి. నా గాజులు పగలగొట్టి, అవి దాచి, వచ్చి నాతో గంటసేపు పిచ్చుకల గురించి మాట్లాడావు. ఇప్పుడు కర్టెన్ల గురించి రాశావు. అమ్మాయ్, ఏం పగలగొట్టావు?

సరే, చెప్పాలనిపించినప్పుడు చెబుదువుగాని. ముందు మా ఇంట్లో నవ్వు విను. కమిటీ నించి ఒకాయన తనిఖీకి వచ్చాడు. బస్సు దిగి ఆఫీసు దాకా నడిచొచ్చేసరికి తడిసి ముద్దయిపోయాడు. వాన ఆఫీసుని చూడటానికి గొడుగు లేకుండా వచ్చాడు మహానుభావుడు! తల తుడుచుకోడానికి తువ్వాలిచ్చి, వేడివేడి టీ ఇచ్చి, వెళ్లేటప్పుడు మీ అన్నయ్య గొడుగు ఇచ్చి పంపాం. అదే, పిడికి ఎర్రగుడ్డ చుట్టి కుట్టిన గొడుగు. దాంతోనే బస్సెక్కి వెళ్లిపోయాడు. అప్పట్నించి ఇంట్లో ఆయన పేరు గొడుగాయన. మీ అన్నయ్య మాత్రం "ప్రభుత్వం నా దగ్గర్నించే ఆదా మొదలుపెట్టింది" అని సణుగుతున్నాడు.

మనిషి చెడ్డవాడు కాదు. ప్రతిదీ చేత్తో తాకి చూశాడు. కొలగాజు వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. నెలనెలా హెడ్డాఫీసుకి పంపే లెక్కలు చూపించాను. ఇంకా ఏవో అడిగాడు, చెప్పాను. అంతే.

నిన్నటి నలభై రెండు మిల్లీమీటర్లకి మీ మట్టం ఎంత లేచింది? 

మీ వదిన

చెల్లాయికి అన్నయ్య రాయునది. పోస్టు చెయ్యమని ఇస్తే ఉత్తరం చదివాను, మీ వదినకి చెప్పకు. ఆయన అడిగిన "ఏవో" ఏమిటో తను రాయలేదు, నేను రాస్తున్నా. నేనక్కడే ఉన్నాను. "ఈ లెక్కలు హెడ్డాఫీసులో బీరువాలోకి పోతున్నాయి. అక్కడ్నించి మట్టం శాఖ హెడ్డాఫీసుకి చేరేసరికి నలభై రోజులు. నలభై రోజుల తర్వాత ఆ వాన ఎవరికమ్మా? పందొమ్మిదేళ్లలో మీరిచ్చిన అంకెతో ఎవరైనా ఒక్క పని చేశారా?" అని అడిగాడు. నువ్వు రోజూ ఆరింటికి వింటావని చెబితే అయిపోయేది. మీ వదిన నోరు నొక్కేసుకుంది. శాఖలు వేరు కదా, హెడ్డాఫీసు దారి తప్పి సమాచారం తీసుకున్నావని నీ మీదకి వస్తుందేమోనని నువ్వంటూ ఒకదానివి ఉన్నావనే చెప్పలేదు. "తెలియదండి" అంది. జీవితంలో దానికి తెలియనిది ఏదైనా ఉందని ఒప్పుకోవడం నేను వినలేదు. నాకు ఏడుపొచ్చింది.

*

మట్టం ఆఫీసు,
జూన్ 20.

వదినా,

అన్నయ్య చదివాడు. చదవడమే కాదు, కింద రాశాడు కూడా. వాణ్ణేమీ అనకు. వాడు రాయకపోతే నేను ఇంకా పిచ్చుకల దగ్గరే ఉండేదాన్ని.

పగలగొట్టింది చెబుతాను. కోపం వస్తే తిట్టు, కానీ చివరిదాకా చదివి తిట్టు.

కమిటీ నాకు విడిగా ఇంకో కాగితం పంపింది. "రెండు ఆఫీసుల్లో ఏది లేకపోయినా నష్టం లేదో మట్టం ఆఫీసు ఇన్‌చార్జి రాసివ్వవలెను. జులై మొదటి తేదీ నుంచి వాన ఆఫీసు పని ఆపి చూస్తాం. మీకేమైనా తేడా తెలిసిందీ లేనిదీ నెలాఖరుకి తెలియజేయవలెను." అదీ సంగతి. అది మే నెల నుంచి నా టేబులు సొరుగులో ఉంది. నీకెలా చెప్పను, నీ ఆఫీసు ఉండాలో పోవాలో నన్ను రాయమన్నారని?

"తేడా తెలుస్తుంది" అని రాసేస్తే సరిపోతుంది కదా అంటావు. రాయలేను వదినా. రాస్తే రుజువు అడుగుతారు. రుజువు మా మట్టం రిజిస్టరు. అందులో ఏముందో నీకు తెలియదు. రేపటి మట్టం ఎంతో రాసే గడి పక్కన "సమాచారం ఇచ్చినవారు" అని ఒక గడి ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారమే పాత సారు చెప్పారు. "వేరే శాఖ మాట హెడ్డాఫీసు ద్వారా రావాలి. మీ వదిన ఫోను చేసిందని రాస్తే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయి. స్వయంగా చూసి అని రాసెయ్" అని. రాసేశాను. రోజూ అదే రాశాను. పందొమ్మిదేళ్లు, ప్రతి పేజీలోనూ, "స్వయంగా చూసి." రేపు రాబోయే నీళ్లని ఇవాళే స్వయంగా ఎలా చూశానని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు!

నీ పేరు ఎక్కడా లేదు వదినా. ఏడేళ్ల కిందటి వరదకి గట్టు కింద ఇళ్లన్నీ ముందే ఖాళీ చేయించానని నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. "అసాధారణమైన ముందుచూపు" అని రాసి ఉంది అందులో. నువ్వు "నూట ముప్ఫై" అన్నావు, నేను "ఆఁ" అన్నాను. అదీ నా ముందుచూపు. వేదికెక్కి తీసుకున్నాను, ఫొటో దిగాను, గోడకి తగిలించాను. ఆ రోజు నీకు ఫోను చేసి చెప్పాను కూడా, కట్టుబాటు తప్పి. నువ్వు ఎంత సంతోషించావో! ఆ గొంతు గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఏం చెయ్యమంటావు?

మరదలు

*

ఇల్లు,
జులై 2.

మరదలికి,

ఆఫీసు వరండా నించి రాయడంలేదు, ఆఫీసు తలుపుకి తాళం పడింది.

నీ ఉత్తరం చదివాక ఒక పూట నీ మీద కోపమొచ్చింది. రాయకపోతే అబద్ధమవుతుంది కాబట్టి రాస్తున్నాను. నా పేరు లేకపోతే పోయింది, "వాన ఆఫీసు" అనైనా రాసి ఉంటావనుకున్నాను. "స్వయంగా చూసి" ఏమిటే, నేనేమన్నా నీ కళ్లజోడునా? వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టాను. మీ అన్నయ్య దుకాణంలోకి పారిపోయాడు. సాయంత్రం నవ్వొచ్చింది. రేపటి నీళ్లు ఇవాళ చూసే ఆడమనిషిని ప్రభుత్వం పందొమ్మిదేళ్లు జీతమిచ్చి పెట్టుకుని, ఒక్కసారైనా "అమ్మా, రేపు నా జాతకమేమిటి" అని అడక్కపోవడమేమిటి! అక్కడితో కోపం పోయింది.

ఇక విను. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. "వాన ఆఫీసు లేకపోయినా నష్టం లేదు" అని రాసి సంతకం పెట్టేసెయ్. నాకు స్టోర్సులో ఉద్యోగం ఉంటుంది. నిజం చెబితే నీకు ఏ ఉద్యోగమూ ఉండదు. బుజ్జిది ఇంకా ఏడో క్లాసు. ఇది వదినగా చెబుతున్నాను, ఎదురు చెప్పకు.

నేను హాయిగా ఉన్నాను. నిన్న ఫోను తీగ కోసేశారు. వానగరాటు, కొలగాజు పట్టుకుపోవడానికి లారీ, నలుగురు మనుషులూ వచ్చారు. నేను రోజూ ఒంటిచేత్తో ఎత్తే వస్తువు! పచ్చికలో దాని అడుగు గుండ్రంగా పసుపురంగులో మిగిలింది. అటు చూడకూడదనుకుంటూనే పదిసార్లు చూశాను. ఆరింటికి ఏం చెయ్యాలో తోచక మీ అన్నయ్య బొత్తాలన్నీ రంగుల వారీగా ఏరి పెట్టాను. ఆయన మళ్లీ కలిపేశాడు, రేపటికి నాకు పని ఉండాలని.

మీ వదిన

*

మట్టం ఆఫీసు,
జులై 19.

వదినా, వదినా, వదినా,

నీకు ఎదురు చెప్పాను. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను, కానీ జరిగింది మొత్తం వరసగా చెబుతాను, ఊపిరి బిగబట్టుకుని చదువు.

పద్నాలుగో తేదీన గొడుగాయన మా ఆఫీసుకి వచ్చాడు, నీ ఆఫీసు ఆగాక తేడా ఏమైనా ఉందేమో చూడటానికి. చేతిలో గొడుగు, పిడికి ఎర్రగుడ్డ! అన్నయ్య కుట్టు నాకు తెలియదా? నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆయన నా ఎదురుగా కూర్చుని రిజిస్టర్లు తిప్పుతున్నాడు. ఆరైంది. రెండు వారాలుగా ఆరింటికల్లా నా చెయ్యి దానంతటదే ఫోను మీదకి వెళ్లడం, ఉత్తినే వెనక్కి రావడం అలవాటైపోయింది. ఆ రోజు చెయ్యి వేసేసరికి ఫోను మోగింది.

"నూట పద్దెనిమిది" అన్నావు. వెనకాల ఎవరో దగ్గుమందు అడుగుతున్నారు. 

"ఆఁ" అని పెట్టేశాను. నూట పద్దెనిమిది! కిటికీలోంచి చూస్తే ఏరు నాలుగో మెట్టు మీద పిల్లిలా పడుకుని ఉంది. ఇక్కడ చినుకు లేదు.

"ఎవరమ్మా ఫోను?" అన్నాడు గొడుగాయన.

"వాన అండి."

"వాన ఆఫీసు ఆపేశాం కదా?"

"ఆఫీసు ఆపారండి. కొండ మీద వాన ఆగలేదు. రేపు పొద్దున ఎనిమిదికి నీళ్లు పందొమ్మిదో మెట్టుకి వస్తాయి. పదహారో మెట్టు ఎత్తులో డెబ్బై ఇళ్లున్నాయి, బడి ఉంది, బేకరీ ఉంది. నేను వాళ్లని ఖాళీ చేయించాలి, తర్వాత తిట్టండి."

రిజిస్టరు తీశాను. మట్టం రాశాను. "సమాచారం ఇచ్చినవారు" గడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటుగా "స్వ" అని రాసేసింది. ఆగాను. కొట్టేశాను. ఆయన చూస్తూండగానే "మా వదిన" అని రాశాను. కంగారులో నీ అసలు పేరు గుర్తు రాలేదు, నిజంగా!

గంట కొట్టించాను. మైకు పట్టుకుని గట్టంతా తిరిగాను. అర్ధరాత్రి లోపల ఇళ్లన్నీ ఖాళీ. బేకరీ ఆయన పిండి బస్తాలు మోయడానికి మనుషులు చాలక తిట్టుకుంటుంటే, గొడుగాయన పంట్లాం మడిచి తనే రెండు బస్తాలు మోశాడు.

పొద్దున ఎనిమిది. ఊరంతా గట్టు మీద. ఏరు ఎర్రగా, అరుస్తూ వచ్చింది. పన్నెండు, పద్నాలుగు, పదహారు. ఇళ్ల గడపలు మునిగాయి. పందొమ్మిదో మెట్టుకి రెండు వేళ్లు తక్కువగా వచ్చి ఆగింది. రెండే వేళ్లు వదినా! ఒక్క పిల్లి కూడా తడవలేదు. బేకరీ ఆయన నన్ను ఎత్తుకుని తిప్పబోయాడు, వాళ్లావిడ ఆపింది.

గొడుగాయన మాత్రం లోపలికి వెళ్లి పాత రిజిస్టర్లన్నీ దింపించాడు. పేజీలు తిప్పి తిప్పి, చివరికి కళ్లజోడు తీసి, "అమ్మా, రేపటి నీళ్లు ఇవాళ స్వయంగా ఎలా చూశారు?" అన్నాడు.

"ఆ మాట అడిగిన మొదటి మనిషి మీరేనండి" అన్నాను. ఇక ఆగలేదు. ఆరింటి ఫోను, పాత సారు, పందొమ్మిదేళ్లు, అన్నీ చెప్పేశాను. గోడ మీది పత్రం తీసి టేబులు మీద పెట్టి, ఇది నాది కాదని చెప్పాను. గుండె మీంచి బండ దించినట్టయింది. నా మీద చర్య ఉంటుందన్నాడు. ఉండనీ. ఆ పత్రం నీకు పార్సిలు చేశాను.

ఒక్కటి చెప్పు. గరాటు, కొలగాజు లారీలో పోయాయి కదా. నూట పద్దెనిమిది ఎలా కొలిచావు?

నీ మరదలు

*

ఇల్లు,
జులై 28.

మొండి మరదలికి,

చెప్పొద్దంటే చెప్పావు. నీ ఉత్తరం మీ అన్నయ్య గట్టిగా చదువుతుంటే "మా వదిన" దగ్గర ఆపి ఉత్తరం నా చేతికిచ్చేశాడు. నేను లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాను. ఆ గడి ఒక్కసారి నా కళ్లతో చూడాలని ఉంది.

ఎలా కొలిచానంటావా? మీ అన్నయ్య బొత్తాల డబ్బాతో! కింద నించి పైదాకా ఒకే వెడల్పు, అడుగు సమంగా ఉంటుంది. వానకి అంతకంటే ఏం కావాలి? లారీ వెళ్లిన మర్నాడే బొత్తాలన్నీ మంచం మీద గుమ్మరించి, డబ్బా పట్టుకెళ్లి పచ్చికలో ఆ పసుపు గుండ్రం మీద పెట్టాను. రోజూ కొలిచాను, రోజూ రాశాను. నీకు మాత్రం ఫోను చెయ్యలేదు, నిన్ను ఇరికించకూడదని. ఆ పద్నాలుగో తేదీన ఐదున్నరకి మీ అన్నయ్య టేపు డబ్బాలో నిలబెట్టి చూస్తే పదకొండు సెంటీమీటర్ల మీద ఎనిమిది గీతలు. "ఛాతీ కాదు కదా, రెండోసారి చూడు" అన్నాడు ఆయన. రెండోసారీ అంతే. ఇక నేను ఇరుక్కోవడం, నువ్వు ఇరుక్కోవడం ఏదీ గుర్తు రాలేదు. ఫోను కోసం మందుల దుకాణం దాకా పరిగెత్తాను. దారిలో ఒక చెప్పు పోయింది. మీ అన్నయ్య వెనకాల "గొడుగు, గొడుగు" అని అరుస్తున్నాడు. గొడుగెక్కడిది? అది నీ టేబులు మీదుంది!

మొన్న గొడుగాయన వచ్చాడు. ఈసారి గొడుగుతో. ముందు అది మీ అన్నయ్య చేతికిచ్చి, ఆలస్యానికి క్షమించమన్నాడు. వెంట మా గరాటు, కొలగాజూ తెచ్చాడు. గరాటునీ డబ్బానీ పక్కపక్కన పెట్టించి, ఒక పూట వాన పట్టి రెండూ చూశాడు. ఒక్క గీత కూడా తేడా లేదు. తర్వాత నా పుస్తకాలు, తను తెచ్చిన నీ రిజిస్టర్లు పక్కపక్కన పరిచి, నా అంకె పక్కన మర్నాడు నీ మెట్టు చదువుకుంటూ పోయాడు. చాలాసేపటికి, "మీ రెండు ఆఫీసులూ కలపాలని కదా మేం వచ్చింది. ఇవి పందొమ్మిదేళ్ల కిందటే కలిసిపోయాయి. విడిగా ఉన్నవి పైన ఆ రెండు హెడ్డాఫీసులే" అన్నాడు.

"మరి ఏది ఎత్తేస్తారండి?" అని అడిగాడు మీ అన్నయ్య.

"నలభై రోజులు పట్టేదాన్ని" అన్నాడు.

అర్థమైందా? నాకు అర్థమయ్యేసరికి టీ పొంగి పొయ్యి ఆరిపోయింది! ఇంకా ఏదీ ఖాయం కాదు, కాగితం రావాలి. అయినా మీ అన్నయ్య ఊరుకోకుండా ఆయన కొలతలు తీసుకుని చొక్కా కుడుతున్నాడు. కుడిచెయ్యి ఒకటి, ఎడమచెయ్యి ఒకటి, నేను దగ్గరుండి చూశాను.

నీ మీద చర్య ఏమైంది? అది తెలిసేదాకా నాకు ముద్ద దిగదు. పిచ్చుకలు, కర్టెన్లు వద్దు.

మీ వదిన

*

మట్టం ఆఫీసు,
అక్టోబరు 6.

వదినగారికి,

"గారు" ఎందుకో చివర్లో చెబుతాను.

చర్య వచ్చింది. "దారి తప్పి సమాచారం తీసుకున్నందుకు, దాని మూలం దాచినందుకు గట్టిగా మందలించడమైనది" అని ఒక మెమో. అంతే! దాన్ని సరిగ్గా ఆ మెచ్చుకోలు పత్రం ఉన్న మేకుకే ఫ్రేము కట్టించి తగిలించాను. ఇటుకరంగు కర్టెన్ల పక్కన ఇదే నిటారుగా కనబడుతోంది. దీన్ని మాత్రం నేను స్వయంగా సంపాదించుకున్నాను.

మెమోతో పాటు అదే కవరులో విలీనం ఉత్తర్వూ వచ్చింది. రెండు హెడ్డాఫీసులూ కలిపి ఒకటి చేశారు. మూడంతస్తుల మేడ ఖాళీ చేసి మునిసిపల్ లైబ్రరీకి ఇచ్చేస్తున్నారు. కుర్చీలున్నాయి కదా, చదువుకునేవాళ్లు కూర్చుంటారు. అక్కడి మనుషులకి పని లేదన్న మాట నిజం కాదు, పని ఉన్నచోట వాళ్లు లేరు అంతే. వానగరాటు లేని ఊళ్లు ఇంకా ఇరవై ఆరు ఉన్నాయట, అక్కడికి పంపుతున్నారు. మన రెండు ఆఫీసులూ ఉంటాయి. కొత్త శాఖ పేరు నీకు రాద్దామంటే కాగితం చాలదు. బోర్డు రాసేవాడు రెండో వరసకి వచ్చేసరికి రంగు అయిపోయి వెళ్లిపోయాడు.

ఇప్పుడు "గారు" సంగతి. ఈ ఏటి పొడవునా ఉన్న వాన ఆఫీసులకీ మట్టం ఆఫీసులకీ కలిపి ఒక ఆఫీసరుని వేశారు. సర్వీసులో నాకంటే నెల పెద్ద, కొలతలో బొత్తాల డబ్బాతో కూడా పని కానిచ్చే మనిషి. ఇంట్లో నీ పెత్తనం చాలలేదా తల్లీ? ఇక ఆఫీసులో కూడానా! బుజ్జిది "అత్తకి సెల్యూట్ కొట్టాలా" అని అడుగుతోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసొస్తున్నాయి. నువ్వు స్టోర్సుకి పోవడంలేదు. ఆ మాట రాయడానికే ఈ ఉత్తరం, మిగతాదంతా కర్టెన్లే.

మీ విధేయురాలు,
మరదలు

*

వాన ఆఫీసు వరండా,
నవంబరు 3.

విధేయురాలికి,

విధేయత సంగతి నాకు తెలియనిదా. అయినా ఆఫీసరునయ్యాను కాబట్టి మొదటి ఉత్తర్వు ఇస్తున్నాను. ఇకమీదట "సమాచారం ఇచ్చినవారు" గడిలో ఆఫీసు పేరు రాయాలి, బంధుత్వాలు రాయకూడదు. జులై పద్నాలుగు నాటిది మాత్రం ఎవరూ కొట్టెయ్యడానికి వీల్లేదు. వచ్చే నెల తనిఖీకి వస్తున్నాను, ముందు ఆ పేజీయే చూస్తాను.

మీ అన్నయ్య ప్రభుత్వంతో యుద్ధంలో ఉన్నాడు. గొడుగాయన తన నివేదికలో బొత్తాల డబ్బా రాశాడు కదా, కొత్త ఆఫీసు సామాన్ల జాబితాలో అది కూడా ఎక్కింది. "డబ్బా, రేకుది, ఒకటి." ఇప్పుడది సర్కారు ఆస్తి. దాని మీద నంబరు కూడా వేసి వెళ్లారు. ఇంట్లో ఎక్కడ అడుగేసినా బొత్తాలు గుచ్చుకుంటున్నాయి. "గొడుగు తిరిగొచ్చిందని సంతోషిస్తే డబ్బా పోయింది" అని పోస్టుమాస్టరుగారితో మొరపెట్టుకున్నాడు. ఆయన వింటూ రెండు ఎడమచేతుల చొక్కాలోనే నించున్నాడు. అలవాటైపోయిందట.

నీ మెచ్చుకోలు పత్రం దుకాణంలో అద్దం పక్కన తగిలించాడు. నీ పేరు కొట్టెయ్యనివ్వలేదు నేను, పక్కన నా పేరు కూడా చేర్చి రాయించాను. వచ్చేవాళ్లందరూ పేర్లు చదవకుండా, అది మీ అన్నయ్యకి వచ్చిందే అనుకుంటున్నారు. "అసాధారణమైన ముందుచూపు" చదివి, పిల్లలకి ఎదిగే వయసని రెండంగుళాలు వదులుగా కుడతారు కదా, అందుకేనా అని అడుగుతున్నారు. అవునంటున్నాడు.

ఇక ఫోను సంగతి. తీగ మళ్లీ వేశారు. ఇప్పుడు మనది ఒకే శాఖ, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని ఉత్తర్వులోనే ఉంది. మొన్న మొదటిరోజు నీకు చెప్పడానికి ఎన్ని పోగుచేసుకున్నానో తెలుసా? కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. ఆరైంది. నువ్వు ఎత్తావు. నీ ఊపిరి వినబడింది. నేను "ఐదు" అన్నాను. నువ్వు "ఆఁ" అన్నావు. ఇద్దరం పెట్టేశాం! పెట్టేశాక నా చేతిలో కాగితం చూసి మీ అన్నయ్య నేల మీద పడి దొర్లాడు, కింద బొత్తాలున్నాయని మర్చిపోయి.

ఆ కాగితంలో ఉన్నవే ఇక్కడ రాశాను.

ఇవాళ మబ్బు లేదు. రేపు సున్నాయే కావచ్చు. అయినా ఆరింటికి ఫోను చేస్తాను.

మీ వదిన